రెండు స్తంభాల మధ్య సీటు

నదూర్, గోజో దీవి, మాల్టా
ఫిబ్రవరి 3

ఒరే లేలీ,

నువ్వు ఈపాటికే వినే ఉంటావు. అయినా నా చేత్తో రాస్తే గాని నాకు తృప్తి లేదు. యూరో కప్ అర్హత పోటీలకి చీటీలు తీశారు. ఇటలీ, స్వీడన్, హంగరీ, టర్కీ, ఆఖర్న మాల్టా. అయిదూ ఒకే గ్రూపు! టీవీలో ఆ చీటీ విప్పగానే మా క్లబ్బులో జనం వేసిన గంతులకి రెండు కుర్చీలు విరిగాయి. నలభై ఏళ్ళు రేడియోలో విని, టీవీలో చూసి మురిసిపోయాం కదా, ఇప్పుడు మనవాళ్ళే విమానం దిగి మన గడ్డ మీదికి వస్తున్నార్రా! డిసెంబర్ పదమూడు, శనివారం మధ్యాహ్నం. మనవాళ్ళు నీలం చొక్కాలు వేసుకుని నడిచొస్తుంటే ఈ రెండు కళ్ళతో చూడబోతున్నాను. మీ అమ్మ ఉంటే "నీ పిచ్చికి మందు లేదయ్యా" అనుండేది.

ఎదురుగా ఉన్న ఇంగ్లండ్ క్లబ్బు వాళ్ళ మొహాలు చూడాలి. కసాయి జోర్జ్ తన కొట్టు గుమ్మంలో నిలబడి, "ఏం విస్టిన్, కొడుకు ఒక జట్టు, తండ్రి ఒక జట్టు. ఇంట్లో మధ్యన గీత గీసుకుంటారా?" అని అరిచాడు. "కుందేలు మాంసంలో పిల్లిని కలిపే మొహానికి మా ఇంటి సంగతి ఎందుకురా?" అన్నాను. వీధి వీధంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

అసలు సంగతికి వస్తాను. క్లబ్బుకి పన్నెండు టికెట్లు కావాలి. మనవాళ్ళు రెండో సగంలో దాడి చేసే గోల్ వెనకాలైతే మరీ మంచిది. ఆటగాడివి, నువ్వు అడిగితే కాదంటారా? మనవాళ్ళు ఎన్ని కొడతారని జోర్జ్‌తో పందెం కూడా కాశాను. ఆరు అన్నాను. ఓడినవాడు అవతలివాడి జెండా పట్టుకుని ఊరంతా తిరగాలి. నువ్వేం మనసులో పెట్టుకోకు, పందెం పందెమే.

ఫోన్ చెయ్యకు. ఫోన్ క్లబ్బు కౌంటర్ మీదే ఉంది కదా, నువ్వు హలో అనేలోపు పదిమంది చెవులు రిక్కిస్తారు. ఉత్తరం రాసి మీ బావమరిది పావ్లు చేతికివ్వు. ఎలాగూ మన రెండు దీవుల మధ్య తిరిగే పడవ మీద పనిచేస్తున్నాడు, రేవులో నాకు అందిస్తాడు. కోడలు డోరిస్‌కి మిరియాల జున్ను పంపుతున్నాను. నువ్వే తినెయ్యకు.

మీ నాన్న
విస్టిన్, నదూర్ ఇటలీ క్లబ్బు అధ్యక్షుడు


బోర్మ్లా
ఫిబ్రవరి 17

నాన్నా,

జున్ను అందింది. డోరిస్ నీకు ముద్దులు చెప్పమంది.

నీ ఉత్తరంలో "మనవాళ్ళు" అని నాలుగు చోట్ల ఉంది. డోరిస్ వేలు పెట్టి చూపించింది. నాలుగు చోట్లా ఇటలీయే. మరి నేనెవర్ని నాన్నా? ఆరు గోల్స్ అని పందెం కాశావు. ఎడమ పక్క డిఫెండర్ని నేను. ఆరు పడితే అందులో రెండైనా నా పక్కనుంచే పడతాయి. ఆ మాట నీకు తట్టలేదా?

తిట్టడానికి రాయడం లేదు. నాకు ముప్ఫై మూడు నిండాయి. ఈ గ్రూపుతో నా ఆట సరి అని కోచ్ మర్యాదగానే చెప్పాడు. పొద్దున్నే ఓడల యార్డుకి పోయి సాయంత్రం దాకా వెల్డింగ్ చేసి, ఆ కళ్ళమంటతోనే మైదానం చుట్టూ పరిగెత్తడం ఇంకెన్నాళ్ళు? ఇటలీ వాళ్ళకి ఆటే ఉద్యోగం. నేను ఆడాలంటే మా ఫోర్‌మన్ దగ్గర సెలవు చీటీ రాయాలి. స్వీడన్ మ్యాచ్ చీటీ చూసి, "మళ్ళీ ఓడిపోవడానికి మూడు రోజులా?" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆటగాడికి రెండు టికెట్లు ఇస్తారు. ఒకటి డోరిస్‌ది. రెండోది అమ్మది. పాత స్టాండులో ఆరో వరస, రెండు స్తంభాల మధ్య సీటు. స్తంభాలు అడ్డమొస్తాయని అక్కడ ఎవరూ కూర్చోరు. "అమ్మా, ఇంకా మంచి సీటు ఇప్పిస్తాను" అంటే ఒప్పుకునేది కాదు. జపమాల చేతికి చుట్టుకుని అక్కడే కూర్చునేది. ఆట అయ్యాక బయట నన్ను పట్టుకుని, "ఎన్ని పడ్డాయిరా?" అని అడిగేది. తొంభై నిమిషాలు కూర్చున్న మనిషి అలా అడుగుతుంటే ఆటపట్టిస్తోందనుకునేవాణ్ణి. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆ టికెట్ నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆ సీటు ఖాళీగానే ఉంటోంది.

నేను దేశానికి ఆడుతుంటే నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. యాభై ఒక్క మ్యాచ్‌లు. ఇటలీ మ్యాచ్‌కి వచ్చి అమ్మ సీట్లో కూర్చో. నాకు అది చాలు. చప్పట్లు కొట్టక్కర్లేదు, మా దేశం పాట పాడక్కర్లేదు. ఊరికే కూర్చో.

పన్నెండు టికెట్లు నావల్ల కాదు. మీ వాళ్ళని వరసలో నిలబడి కొనుక్కోమను.

లేలి


నదూర్
మార్చి 6

ఒరే నాయనా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నా మోకాలు ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. బాగాలేదు.

"నేనెవర్ని" అని అడిగావు. నా కొడుకువి. అందులో సందేహం ఏముంది? ఇటలీ సంగతి వేరు. నీకు మూడేళ్ళప్పుడు ఇటలీ టీవీ అందేలా డాబా మీద యాంటెనా సిసిలీ వైపు తిప్పి కట్టింది ఎవరనుకున్నావు? ఊళ్ళో మొదటి టీవీ మనదే. మీ అమ్మ వంటింటి బల్లలతో సహా తెచ్చి హాల్లో వేసేది, సగం వీధి మనింట్లోనే ఉండేది. నువ్వు నా ఒళ్ళో కూర్చునే వాళ్ళ ఆటగాళ్ళ పేర్లన్నీ నేర్చావు. మనకీ ఒక జట్టు ఉందని మాకు గుర్తొచ్చేలోపే ఇటలీ మా గుండెల్లో కూర్చుంది. గెలిచేవాళ్ళ పక్కన నిలబడితే మేమూ కాస్త పొడుగు అనిపించేది. మాల్టా జట్టుతో ఏముందిరా? వారం వారం కొత్తగా ఓడాలి. మీ అమ్మకి ఆ ఓపిక ఉండేది. నాకు లేదు. ఉన్నమాట చెప్పాను.

ఇంగ్లండ్ వాళ్ళు కూడా అంతే. జోర్జ్ ఇంగ్లండ్ ఎన్నడూ చూసి ఎరగడు. అక్కడి వాన గురించి మాత్రం తడిసొచ్చినట్టు మాట్లాడతాడు.

సరే, వస్తాను. మీ అమ్మ సీట్లోనే కూర్చుంటాను. మాట ఇచ్చాను, చాలా? జెండా తేను. మఫ్లర్ మాత్రం వేసుకుంటాను, డిసెంబర్ చలి కదా. అది నీలంగా ఉండడం నా తప్పు కాదు.

ఉల్లంకి పిట్టల్ని పట్టే వల చిరిగిపోయింది, కూర్చుని అల్లుతున్నాను. అక్టోబర్ కల్లా సిద్ధం చెయ్యాలి.

మీ నాన్న
(మోకాలు ఎడమది)


బోర్మ్లా
అక్టోబర్ 29

నాన్నా,

మోకాలు ఎలా ఉంది? ఇదిగో, మొదటి వాక్యంలోనే అడిగాను.

స్వీడన్‌లో అయిదు-సున్నా. పేపర్లో చూసే ఉంటావు. ఆట అయ్యాక చొక్కాలు మార్చుకుంటారు కదా, నేను నాది విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కడూ అడగలేదు. చలికి ఒళ్ళు వణికింది, మళ్ళీ తొడుక్కున్నాను. డోరిస్‌కి కూడా ఈ సంగతి చెప్పలేదు.

హంగరీతో ఇక్కడ ఒకటి-ఒకటి. ఆ రోజు నువ్వు ఉండాల్సింది నాన్నా! విజిల్ ఊదాక మావాడు ఒకడు పచ్చిక మీద పడి ఏడ్చాడు. వాడు బడిలో లెక్కల మాస్టారు. ఒక్క పాయింటు. అయిదు జట్ల పట్టికలో ఆఖరినే ఉన్నాం, కానీ మా పేరు ఎదురుగా ఒక అంకె ఉంది. మర్నాడు యార్డులో ఫోర్‌మన్ చెయ్యి కలిపాడు. పదేళ్ళలో మొదటిసారి.

ఇటలీ దగ్గర కూడా ఒక పాయింటు లాగుదామని కోచ్ అంటున్నాడు. నవ్వకు. పదకొండు మందిమీ గోల్ ముందే నిలబడతాం, సిగ్గేం లేదు. వాళ్ళ కుడి పక్కవాడు గాలిలా పోతాడట. వాణ్ణి నాకు అప్పగించారు. వాడు నా వెనక్కి వెళ్ళకుండా చూడడమే నా పని, తొంభై నిమిషాలూ.

టికెట్ ఇందులో పెట్టాను. జాగ్రత్త. మన దేశం పాట పాడేటప్పుడు మేం స్టాండు వైపు తిరిగి నిలబడతాం. అమ్మ సీటు వైపు చూస్తాను.

లేలి


నదూర్
డిసెంబర్ 8

ఒరే లేలీ,

టికెట్ అందింది. మీ అమ్మ ఫోటో చట్రం వెనక దోపాను. పోయేది లేదు.

ఇక్కడ నా ప్రాణం తోడేస్తున్నారు. ఆదివారం క్లబ్బులో మీటింగు పెట్టారు. "అధ్యక్షుడు జెండా పట్టుకోకపోతే ఇంకెవడు పట్టుకుంటాడు? నలభై ఏళ్ళకి ఇటలీ మన గుమ్మంలోకి వస్తే నువ్వు మాల్టా వాళ్ళ మధ్యలో కూర్చుంటావా?" అని ఒకడు. "కొడుకు కోసం కూర్చుంటాడు, పోనియ్యండ్రా" అని ఇంకొకడు. దాంతో అందరూ నవ్వు. ఆ నవ్వు నాకు కాలింది. ఏం చెయ్యాలో నాకు తెలుసులే, నువ్వు ఆట మీద మనసు పెట్టు.

ఉల్లంకి పిట్టలు ఈ ఏడు బాగానే దిగుతున్నాయి. తెల్లారకముందే కొండ మీద రాతి గుడిసెలో కూర్చుని పిట్టల్ని వల దగ్గరికి పిలవడానికి మా తాత ఇచ్చిన ఇత్తడి పీక ఊదుతున్నాను. ఎక్కడో మబ్బుల్లో పోయే పిట్ట కూడా ఆ పీక విని మెడ తిప్పుతుంది. నీకు గుర్తుందా, చిన్నప్పుడు నిన్నూ దాంతోనే పిలిచేవాణ్ణి. కింద సముద్రం ఒడ్డున బంతాడుతూ ఉండేవాడివి. మీ అమ్మ గొంతు పోయేలా అరిచినా పలకవు. నేను ఒక్కసారి పీక ఊదితే కాలి దగ్గర బంతి వదిలేసి మరీ తల తిప్పేవాడివి. "వాడు మనిషి పిల్ల కాదు, ఉల్లంకి పిల్ల" అనేది మీ అమ్మ.

చలిగా ఉంది. లోపల బనీను వేసుకుని ఆడు.

మీ నాన్న


నదూర్
డిసెంబర్ 15

నాయనా లేలీ,

ఆట అయ్యాక గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాను. అందరూ వచ్చారు గాని నువ్వు రాలేదు. వెనక దారిన వెళ్ళిపోయాడన్నారు.

ముందు ఒక సంగతి. గాలికి పడవ ఆలస్యం అయింది. మేం స్టేడియం చేరేసరికి మీ పాట అయిపోతోంది. జనం తోపులాటలో మావాళ్ళతోపాటు గోల్ వెనక స్టాండులోకి కొట్టుకుపోయాను. అటునుంచి ఇటు రావడానికి పోలీసులు వదల్లేదు. లేకపోతే మాట తప్పే మనిషినా నేను?

ఎనభై ఆరు నిమిషాలు! ఇటలీని ఎనభై ఆరు నిమిషాలు సున్నాకి కట్టిపడేశారు. ఆ కుడి పక్కవాడు నీ ముందు కోతిలా గెంతాడు గాని దాటలేకపోయాడు. మావాళ్ళు నీ పేరు పెట్టి బూతులు తిడుతుంటే నాకు లోపల ఎంత గర్వంగా ఉందో ఎవరితో చెప్పుకోను? ఆఖర్న ఏదో అయింది. నేల తడిగా ఉంది, కాలు జారుంటుంది. ఎవరికైనా జరుగుతుంది. ఒక్క గోలేగా.

ఆదివారం పేపర్లో ఫోటో చూశావేమో. నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావు, వెనక కంచె దగ్గర నేను చేతులెత్తి ఉన్నాను. దాన్ని పట్టించుకోకు. అయ్యో అని తల పట్టుకోబోతున్నాను, ఆ సన్నాసి సరిగ్గా అప్పుడే నొక్కాడు.

జోర్జ్‌తో పందెం ఓడిపోయాను. ఇంగ్లండ్ జెండా పట్టుకుని ఊరంతా తిరిగాను. నువ్వు ఉంటే నవ్వేవాడివి.

క్రిస్మస్‌కి కుందేలు వండిస్తున్నాను. అందరూ రండి.

మీ నాన్న


బోర్మ్లా
డిసెంబర్ 21

నాన్నా,

ఆ రోజు పడవ పదిన్నరకే చేరింది. గాలి లేదు. పావ్లు పొద్దుటి నుంచీ ఆ పడవ మీదే ఉన్నాడు. నువ్వు జెండా కర్ర భుజాన వేసుకుని దిగడం చూశాడు. "మామయ్యా, ఇంత పొద్దున్నే బయల్దేరారే" అని పలకరించాడట కూడా. నీకు వాడు గుర్తులేడా, లేక నాకు చెప్పడనుకున్నావా?

పాట పాడేటప్పుడు అమ్మ సీటు వైపు చూశాను. ఖాళీ. పక్కన డోరిస్ తల దించుకుని ఉంది. సరే, అదీ మింగాను. నువ్వు గోల్ వెనక ఉన్నావని నాకు రెండో సగందాకా తెలియదు.

కాలు జారలేదు నాన్నా. నేల పొడిగా ఉంది. నా కాలి దగ్గర బంతి ఉంది. తన్నేస్తే పోయేది. అప్పుడు వినపడింది పీక. అంత జనంలో, అంత గోలలో, నువ్వు ఊదిన ఆ పిట్ట పీక. నా తల అటు తిరిగింది. నేను తిప్పలేదు, అదే తిరిగింది. మళ్ళీ ఇటు చూసేసరికి వాడు బంతి తీసుకుపోయాడు.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో కోచ్ అందరి ముందూ అడిగాడు. "అటు ఎందుకు చూశావ్? అక్కడ ఎవడున్నాడు?" ఏం చెప్పను? మా నాన్న పిలిచాడండీ అననా? ఎండ కంట్లో పడిందన్నాను. ఆ రోజంతా మబ్బు. లెక్కల మాస్టారు కూడా నా మొహం చూడలేదు. ఒక పాయింటు నాన్నా. ఇటలీ మీద. చచ్చేదాకా చెప్పుకునేవాళ్ళం.

పీక ఊదితే నా తల అటు తిరుగుతుందని ఈ భూమ్మీద తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ వారమే ఉత్తరంలో గుర్తుచేసి మరీ వచ్చావు. పిట్టని వల్లోకి పిలిచినట్టు పిలిచావు. ఆరు గోల్స్ కాకపోతే ఒక్కటైనా కావాలనిపించిందా?

కుందేలు మీ క్లబ్బు వాళ్ళకి పెట్టుకో. మేం రావడం లేదు.

లేలి


నదూర్
జనవరి 9

లేలీ,

నీ నోటికి ఆ మాట ఎలా వచ్చిందిరా? నిన్ను కన్నవాణ్ణి, నిన్ను వల్లోకి పిలుస్తానా? ఉత్తరం చదివి పొయ్యిలో పడేశాను. మళ్ళీ తీసి చదివాను, అంచులు కాలాయి.

పడవ సంగతి అబద్ధమే. ఒప్పుకుంటున్నాను. మీటింగులో వాళ్ళ నవ్వుకి భయపడ్డాను. టికెట్ జేబులో పెట్టుకునే జెండా పట్టుకున్నాను. మొదటి సగం అయ్యాక అటు వచ్చేద్దామనుకున్నాను. రాలేదు. నా పిరికితనానికి నన్ను ఎంతైనా తిట్టు, పడతాను.

పీక సంగతి అలా కాదు. విను. రెండో సగంలో నువ్వు నా ముందే ఆడుతున్నావు, ఇరవై గజాల్లో. నీ కాలి దగ్గర బంతి ఉంది, ముందుకి చూస్తున్నావు. వాడు నీ వెనకనుంచి, నువ్వు చూడని వైపునుంచి పరిగెత్తుకొస్తున్నాడు. "లేలీ, వెనకాల!" అని అరిచాను. నా చుట్టూ డప్పులు. నాకే నా గొంతు వినపడలేదు. చెయ్యి జేబులోకి పోయింది, పీక నోటికొచ్చింది. వెనక్కి చూస్తావని ఊదాను. నువ్వు నా వైపు చూశావు. ఎప్పుడూ పీక వచ్చిన వైపే చూసేవాడివని ఆ క్షణాన నాకు గుర్తులేదురా. అంతే జరిగింది.

నమ్మకపోతే క్లబ్బులో అడుగు. నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాడికి మాత్రం అంతా వినపడింది. "అధ్యక్షుడు మాల్టా డిఫెండర్‌కి హెచ్చరిక చేశాడు" అని మీటింగు పెట్టి నన్ను దించేశారు. నేను కట్టిన క్లబ్బు, నేను తెచ్చిన టీవీ, నా చేత్తో నిలబెట్టిన యాంటెనా. గోడ మీద నా ఫోటో తీసేశారు. నీ దృష్టిలో నేను ఇటలీ కోసం ఊదాను, వాళ్ళ దృష్టిలో మాల్టా కోసం ఊదాను. ఇప్పుడు ఎదురు వీధిలో జోర్జ్ ఒక్కడే పలకరిస్తున్నాడు. వాడు నా మీద జాలి పడుతున్నాడు, అది మరీ ఘోరం.

పీక మళ్ళీ ముట్టుకోలేదు. వల చుట్టేశాను.

నాన్న


బోర్మ్లా
మార్చి 14

నాన్నా,

రెండు నెలలు రాయలేదు. రాయాలనిపించలేదు.

పావ్లు మీ ఊళ్ళో నలుగురిని అడిగాడు. నిన్ను దించేసిన మాట నిజమేనట. ఎందుకు దించారో కూడా అందరూ ఒకటే చెప్పారు. సరే. పీక నా కోసమే ఊదావు. నమ్ముతున్నాను. ఆ ఉత్తరంలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

టర్కీ మ్యాచ్ జాబితాలో నా పేరు లేదు. కోచ్ మర్యాదకి కూడా పిలిచి చెప్పలేదు, బోర్డు మీద అంటించాడు. యాభై నాలుగుతో ఆగింది. యార్డులో ఫోర్‌మన్ "ఇంక నీ సెలవు చీటీల బాధ లేదు" అన్నాడు. కొట్టబోయి ఆగాను.

ఒక్క సంగతి మిగిలింది. ఆ ఫోటో. డోరిస్ పారేస్తానంది, నేనే వద్దన్నాను, డ్రాయరులో ఉంది. రోజూ తీసి చూస్తున్నాను. నన్ను కాపాడాలని పీక ఊదిన మనిషి, మూడు సెకన్ల తరవాత గోల్ పడితే చేతులు రెండూ పైకెత్తి ఉన్నాడు. తల పట్టుకోబోయానని రాశావు. తల పట్టుకోబోయేవాడి చేతులు అంత పైకి పోతాయా? ఆ నోరు ఏడుపుదో నవ్వుదో నాకు తెలియడం లేదు. డోరిస్‌ని అడిగితే మాట మార్చేస్తోంది.

నేను ఇంకేం అడగను. ఆ చేతులు బాధతోనే లేచాయని ఇంకొక్కసారి రాయి. ఒక్క వాక్యం. నేను నమ్ముతాను. ఫోటో చింపేసి ఈస్టర్ ఆదివారం పొద్దుటి పడవకే డోరిస్‌ని తీసుకుని వస్తాను. కుందేలు వండించు.

లేలి


నదూర్
ఏప్రిల్ 2

నాయనా లేలీ,

నువ్వు అడిగిన వాక్యం మూడు కాగితాల మీద రాశాను. మూడూ చింపేశాను. నువ్వు వస్తానన్నావు కాబట్టే మళ్ళీ మళ్ళీ రాశాను. జోర్జ్ దగ్గర కుందేలు కూడా చెప్పి ఉంచాను.

ముందు ఇంకొకటి చెప్పాలి. టర్కీ మ్యాచ్‌కి వెళ్ళాను. నువ్వు ఆడవని తెలిసే వెళ్ళాను. ఒక్కణ్ణే, మఫ్లర్ లేకుండా. ఆరో వరసలో ఆ సీటు ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాను. ఇన్నాళ్ళకి.

నీకు తెలుసా లేలీ, ఆ సీట్లోంచి గోల్ కనపడదు. అటు స్తంభం అటు గోల్‌ని, ఇటు స్తంభం ఇటు గోల్‌ని పూర్తిగా మూసేస్తాయి. మధ్యలో పరిగెత్తేవాళ్ళు మాత్రం కనపడతారు. చుట్టూ జనం లేచి అరుస్తుంటే ఎవరు కొట్టారో నాకు తెలియలేదు, పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాను. మీ అమ్మ అన్నేళ్ళలో ఒక్క గోల్ కూడా చూసి ఉండదురా. ఎవరికి ఎన్ని పడ్డాయో ఆవిడకి అక్కర్లేదు. నువ్వు లేచావా, పడ్డావా, దెబ్బ తగిలిందా, అంతే చూసింది. అందుకే బయటికొచ్చి అడిగేది.

నేను ఆ రోజు అక్కడ కూర్చుని ఉంటే నాకూ గోల్ కనపడేది కాదు. నువ్వొక్కడివే కనపడేవాడివి. అంత దూరాన జేబులోంచి పీక తీసేవాణ్ణి కాదు. ఇంకొకటి కూడా జరిగేది కాదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

పీక నీ కోసం ఊదాను. చేతులు ఇటలీ కోసం లేచాయి.

నలభై ఏళ్ళుగా ఆ నీలం చొక్కా వాడు గోల్ కొడితే ఇవి లేస్తాయి. నన్ను అడగలేదు. బంతి వలలో పడింది, లేచాయి, నోరు తెరుచుకుంది. నవ్వే అది. ఒక్క ఊపిరి సేపు నాకు సంతోషమే వేసింది లేలీ, నీ మీద ఒట్టు. తరవాత కింద మోకాళ్ళ మీద ఉన్నది ఎవరో చూశాను. దించాను. అప్పటికే వాడు ఫోటో తీశాడు. వాడు తప్పు సమయంలో నొక్కాడని నీకు రాశాను. వాడు సరిగ్గానే తీశాడు.

ఇది నీకు రాయకుండా నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టలేను. అబద్ధమాడి పిలిస్తే అది కూడా పీక ఊది పిలిచినట్టే అవుతుంది.

ఇటలీ మ్యాచ్‌కి నువ్విచ్చిన టికెట్ వెనక్కి పంపుతున్నాను. చింపలేదు, అలాగే ఉంది. ఈస్టర్‌కి వస్తావని ఇంకా ఆశగానే ఉంది. రాకపోయినా అర్థం చేసుకుంటానని రాయను, చేసుకోలేను.

మీ నాన్న
విస్టిన్


బోర్మ్లా
ఏప్రిల్ 9

నాన్నా,

ఉత్తరం అందింది. టికెట్ అందింది. అమ్మ సంగతి చదివి డోరిస్ ఏడ్చింది.

నేను అడిగింది ఒక్క అబద్ధం. తెలిసే అడిగాను. పడవ ఆలస్యమైందని తడుముకోకుండా రాసిన చేతికి ఇది ఒక్కటి రాయడానికి బరువైందా?

ఆదివారం రావడం లేదు.

లేలి